రుచి చూడని వంటవాడు

మూడో చెంచా దగ్గర అమ్మ మూతి బిగించేసింది.

అతను చెంచాను అలాగే పట్టుకుని కూర్చున్నాడు. పాలలో నానబెట్టి మెత్తగా మెదిపిన రొట్టె. చెంచా అంచు నుంచి ఒక బొట్టు జారి దుప్పటి మీద పడింది. కిటికీలోంచి వస్తున్న పలచని పొద్దుటి వెలుతురు అమ్మ బుగ్గ గుంటలో నిలిచి ఉంది. ఏడింటికల్లా అతను బడి వంటగదిలో ఉండాలి. ముప్పై ఇద్దరు పిల్లలకు పాలు కాచాలి, కూరగాయలు తరగాలి.

"ఇంకొక్కటమ్మా. ఒక్కటే."

అమ్మ కళ్ళు తెరిచి చూసింది. "నువ్వు తిను అన్నయ్యా," అంది.

రెండు నెలలుగా అతను ఆమెకు అన్నయ్య. ఆ అన్నయ్య పోయి నలభై ఏళ్ళు దాటింది. మొదట్లో "నేనమ్మా, నీ కొడుకుని" అని చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఆమె, పొరపాటున ఎవరింట్లోకో వచ్చేసినదానిలా బెదిరిపోయేది. అది చూడలేక అన్నయ్యగానే ఉండిపోయాడు.

డాక్టరు మాత్రం ఏ మొహమాటమూ లేకుండా చెప్పాడు. "రోజురోజుకీ చిక్కిపోతోంది. బతిమాలుతారో, బెదిరిస్తారో, కథలు చెబుతారో నాకు తెలీదు. పూటకి పది చెంచాలు లోపలికి పోవాలి." పది. అప్పటి నుంచి అతని బతుకంతా ఆ పది చుట్టూనే తిరుగుతోంది.

ఎడమచేత్తో అమ్మ గడ్డం పట్టుకున్నాడు. పెదవుల మధ్య చెంచా ఆనించి కొద్దిగా ఒత్తాడు. పెదవులు విడివడ్డాయి. నాలుగు. మళ్ళీ ఒత్తాడు. ఐదు. అమ్మ మింగింది గానీ, మింగుతూ అతని ముఖం వంక చూసిన చూపు అతనికి అర్థం కాలేదు. కోపం కాదు. ఏడుపూ కాదు. ఎప్పుడో తెలిసిన మనిషిని ఆనవాలు పడుతున్నట్టుంది. ఆరో చెంచా అతను ఎత్తలేకపోయాడు.

పక్కవాటాలో బట్టలు కుట్టే ఆవిడ గుడ్డల మూట చంకన పెట్టుకుని లోపలికి వచ్చింది. పగలంతా ఆమె తన కుట్టుమిషన్‌తో ఈ గదిలోనే కూర్చుంటుంది. ఇక్కడ వెలుతురు బాగుంటుందని పైకి చెబుతుంది. ఆమె వాటాలోనూ ఇంతే వెలుతురుంటుందని ఇద్దరికీ తెలుసు.

"ఎన్ని?" అని అడిగింది.

"ఐదు."

"మిగతావి నేను చూసుకుంటాలే. నువ్వు పో బాబాయ్, ఆలస్యమైపోతుంది."

బడి పది నిమిషాల నడక. వంటవాడంటే బొజ్జ ఉండాలన్న లోకం నమ్మకాన్ని అతను ఏనాడూ నిలబెట్టలేదు. సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి, దారిలో ఏదో పడిపోతే వెతుక్కుంటున్నట్టు నడుస్తాడు. మోచేతుల దాకా నూనె చుక్కలు పడి మానిన తెల్లటి మచ్చలు. కుడి బొటనవేలి గోరు కత్తి ఒరుసుకుని సగమే పెరుగుతుంది.

ఆ బడిలో మూడేళ్ళ నుంచి ఐదేళ్ళ దాకా పిల్లలుంటారు. పనులకు పోయే తల్లిదండ్రులు పొద్దున్నే వదిలిపెట్టి సాయంత్రం తీసుకుపోతారు. వెనకవైపున పొడుగాటి వంటగది. నల్లరాతి గట్టు, రెండు పొయ్యిలు, గోడకు పెద్దది మొదలు చిన్నది దాకా వరసగా వేలాడే గరిటెలు. అందుకే పిల్లలకు అతను గరిట తాత. ఇరవై రెండేళ్ళుగా అక్కడే. మొదట వడ్డించిన పిల్లలు కొందరు ఇప్పుడు తమ పిల్లల చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా వస్తారు. "తాతా, ఇంకా ఉన్నావా!" అంటారు. అతను గరిటె ఎత్తి చూపించి పనిలోకి పోతాడు.

బఠాణీల గిన్నె దించి, పెద్దగరిటెతో కాస్త తీసి ఆయా ముందు పెట్టాడు.

"ఉప్పు చూడు చెల్లెమ్మా."

ఆమె ఊదుకుని నోట్లో వేసుకుంది. "సరిపోయిందన్నా. నీ చేతిలో తక్కెడ ఉంది."

ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. రుచి చూడవేమని ఎవరైనా అడిగితే, "వండేవాడికి వాసనతోనే కడుపు నిండిపోతుంది" అనేవాడు. విన్నవాళ్ళు నిజమే నిజమే అని తలూపేవాళ్ళు. నిజం వేరు. తను వండేవాటిలో ముప్పాతికపాలు అతను ఏనాడూ నోట్లో పెట్టుకుని ఎరగడు. పాలన్నం, రొట్టె, ఉప్పేసి ఉడికించిన బంగాళాదుంప, ఒక రకం బిస్కెట్లు. యాభై ఎనిమిదేళ్ళ ఒళ్ళు ఈ నాలుగింటి మీదే నిలబడింది.

కావాలని చేసింది కాదు. మెత్తగా, తడిగా, రంగుగా ఉన్నదేదైనా నోటిదాకా వచ్చేసరికి గొంతు తలుపేసుకుంటుంది. అంతే. చిన్నప్పుడు పొగరన్నారు. పెద్దయ్యాక వేషాలన్నారు. పదహారో ఏట ఒక కార్ఖానా క్యాంటీన్‌లో గిన్నెలు తోమడానికి చేరినప్పుడు ఒక సంగతి కనిపెట్టాడు. అందరూ ఏం తింటున్నారో అందరూ చూస్తారు గానీ, వంటవాడు ఏం తింటున్నాడో ఎవడూ చూడడు. దాక్కోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదనిపించింది. వంట నేర్చుకున్నాడు. చెవితో నేర్చుకున్నాడు, ముక్కుతో నేర్చుకున్నాడు. నూనెలో ఉల్లిపాయ ఏ చప్పుడు దగ్గర వేగినట్టో, ఏ వాసన దగ్గర మాడబోతోందో చెప్పగలడు. నాలుక ఒక్కటే పనిలోకి రాలేదు.

ఇరవై ఆరో ఏట ఒక సంబంధం కుదిరింది. ఆ అమ్మాయి మంచిది, నవ్వుమొహం. వాళ్ళింటికి భోజనానికి పిలిచారు. బల్ల మీద పదకొండు రకాలు. అన్నీ ఆ అమ్మాయే వండిందని వాళ్ళ నాన్న ఎంతో గర్వంగా చెప్పాడు. అతను చెమటలు కక్కుతూ అరగంట సేపు పళ్ళెంలో గీతలు గీసి, చివరికి మంచినీళ్ళు తాగి లేచిపోయాడు. "మా అమ్మాయి చేతి తిండి అంత చేదైతే, మనిషి మటుకు తీపవుతుందా?" అని కబురొచ్చింది. చేదో తీపో అతనికి తెలిస్తే కదా. ఆ తర్వాత అతను ఇంకో ఇంట్లో భోజనానికి కూర్చోలేదు.

పదింటికి పెద్ద మేడమ్ అందరినీ పిలిచింది. పక్కన కొత్త మేడమ్ ఉంది. పిల్లల తిండి సంగతులు చదువుకుని వచ్చిన పాతికేళ్ళ అమ్మాయి. రెండు వారాలుగా ఒక మూల కూర్చుని పిల్లలు తినడం చూస్తూ, పుస్తకంలో ఏదో రాసుకునేది. ఈ రోజు నోరు విప్పింది.

"ఇవాళ్టి నుంచి పిల్లల్ని ఎవరూ బతిమాలొద్దండీ. ఇంకో ముద్ద, ఇంకో ముద్ద అనొద్దు. తింటే చాక్లెట్ ఇస్తామనొద్దు. తిట్టొద్దు, పొగడొద్దు కూడా. పళ్ళెంలో పిల్లలకి అలవాటైనది ఒకటి పెడదాం, కొత్తది ఒక చిన్న ముక్క పెడదాం. తినడం తినకపోవడం వాళ్ళిష్టం."

ఆయా గుండెల మీద చెయ్యి వేసుకుంది. "నోరు మూసుకుని కూర్చోమంటారా? నా నోరే కదమ్మా నా ఉద్యోగం! కాకి కథ చెప్పి నేను తినిపించిన ముద్దలు పేరిస్తే మేడంత అవుతాయి."

కొత్త మేడమ్ నవ్వింది. "కథ చెప్పండి, తినిపించడానికి మాత్రం వద్దు. ఇంకొకటి. పెద్దవాళ్ళందరూ పిల్లల పక్కనే కూర్చుని అదే తినాలి. మనం తింటుంటే చూసి, భయం లేదని వాళ్ళకే తెలుస్తుంది."

"అందరూ అంటే?" అన్నాడు అతను. సమావేశాల్లో అతను మాట్లాడటం అదే మొదటిసారి.

"అందరూనండీ. ముఖ్యంగా మీరు. వండినవాళ్ళు తింటే పిల్లలకి ఎంత ధైర్యం!"

"ఏం పెడదామమ్మా కొత్తది?"

"బీట్‌రూట్."

వంటగదిలోకి తిరిగి వచ్చి కత్తిపీట ముందేసుకుని కూర్చున్నాడు. పొద్దున డాక్టరు మాట ప్రకారం గడ్డం పట్టుకుని చెంచా ఒత్తి వచ్చాడు. ఇప్పుడు ఈ అమ్మాయి, బతిమాలడం కూడా వద్దంటోంది. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే. ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పా? లేక ఇద్దరిదీ ఒప్పయి, తప్పు తన దగ్గరుందా? బీట్‌రూట్ తొక్క తీస్తుంటే వేళ్ళన్నీ ఎర్రబడ్డాయి. ఉడికించి పలచటి బిళ్ళలుగా కోశాడు. ఒక్కొక్కటీ బొత్తామంత.

పన్నెండింటికి పిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. అతని పక్కన పడింది బుడంకాయ. ఆ పేరు ఆయా పెట్టింది. నాలుగేళ్ళ పిల్ల, గుండ్రటి తల, రెండు పిలకలు. బడికొచ్చి ఐదు నెలలైనా రొట్టె అంచులూ, అన్నం మెతుకులూ తప్ప ఏదీ ముట్టదు. వాళ్ళమ్మ రోజూ గుమ్మంలో ఆయాని పట్టుకుని, "ఇవాళైనా తిందా?" అని అడిగి, జవాబు వినకముందే కళ్ళు తుడుచుకుంటుంది.

ఇద్దరి పళ్ళేల్లోనూ రొట్టె ముక్క, అన్నం, ఒక ఎర్ర బిళ్ళ. పళ్ళెం పక్కన మడిచిన కాగితం రుమాలు.

"ఆ కాగితం ఎందుకమ్మా?" అని అడిగాడు.

"నోట్లో పెట్టుకుని నచ్చకపోతే అందులో ఉమ్మేయడానికి," అంది కొత్త మేడమ్, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

అతను ఆమె వంక అయోమయంగా చూశాడు. ఉమ్మేయడమా? నోట్లో పెట్టుకున్నాక మింగడమో, కక్కడమో తప్ప మూడో దారి ఉంటుందని ఈ యాభై ఎనిమిదేళ్ళలో అతనితో ఎవరూ అనలేదు.

బుడంకాయ తన పళ్ళెం చూడటం లేదు. అతని పళ్ళెమే చూస్తోంది.

"తాతా, నువ్వు తినవేం?"

"తింటా. నువ్వు?"

"నేను తినను. నాకు ఎరుపు ఇష్టం లేదు."

"నాకూ లేదు," అన్నాడు. నోట్లోంచి అదెలా వచ్చిందో అతనికే తెలీదు.

ఆ పిల్ల పిలక వేలికి చుట్టుకుంది. "పెద్దోళ్ళు అన్నీ తింటారుగా?"

"అందరూ కాదు."

"నీకు భయమా?"

బల్ల అవతల నుంచి ఆయా చూస్తోంది. అతను గొంతు తగ్గించాడు. "కొంచెం."

బుడంకాయ కుర్చీ దగ్గరకి జరుపుకుంది. తన వేలితో బిళ్ళని ఒకసారి పొడిచింది. వేలి కొస ఎర్రబడింది. దాంతో పళ్ళెం అంచున ఒక గీత గీసింది. అతను కూడా పొడిచాడు. ఆమె వంగి వాసన చూసింది.

"మట్టి వాసన."

"అవును. నేనూ అదే అనుకునేవాణ్ణి," అన్నాడు అతను. ఇన్నేళ్ళుగా వండుతున్నా ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఆమె నాలుక కొస తగిలించింది. అతనూ తగిలించాడు. ఇక మిగిలింది ఒకటే. బిళ్ళని ఎత్తి నోట్లో పెట్టుకున్నాడు. పళ్ళ కింద అది మెత్తగా జారింది. తీపి. మట్టి. మళ్ళీ తీపి. తీపిగా ఉంటుందని అతనికి తెలీదు. ఆశ్చర్యపోయేలోపలే గొంతు తలుపేసుకుంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాగితం అందుకుని ఉమ్మేశాడు.

బల్ల చుట్టూ తలలన్నీ అతని వైపు తిరిగాయి.

"తాత ఉమ్మేశాడు!" అని బుడంకాయ అరిచింది. కోపంగా కాదు, పండగొచ్చినంత సంతోషంగా. వెంటనే తన బిళ్ళని నోట్లో వేసుకుని, బుగ్గలు పొంగించి, వేళ్ళు మడుస్తూ మూడు దాకా లెక్కపెట్టి, తన కాగితంలో తనూ ఉమ్మింది. అటువైపు ఇంకో ఇద్దరు అందుకున్నారు. ఒకడు బఠాణీలు ఉమ్మాడు. ఒకత్తి బీట్‌రూట్ మింగేసి, ఉమ్మడానికి ఏమీ మిగల్లేదని ఏడుపందుకుంది.

"బడి పెట్టారా, ఉమ్ముల పోటీ పెట్టారా తల్లీ!" అని ఆయా నెత్తి కొట్టుకుంది.

"బాగుంది, చాలా బాగుంది," అంటూ కొత్త మేడమ్ గబగబా రాసుకుంటోంది.

ఏం బాగుందో అతనికి బోధపడలేదు. తినమని పెడితే ఉమ్మేశాడు. పిల్లకి ఉమ్మడం నేర్పాడు. దానికి బాగుందంటుందేమిటి!

గిన్నెలు తోముతుంటే ఆయా వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఇరవై రెండేళ్ళు నాచేత ఉప్పు చూపించింది ఇందుకా అన్నా?"

అతను ఇంకో గిన్నె అందుకున్నాడు.

"నా నాలుక గొప్పదని నేను ఊరంతా చెప్పుకున్నాను తెలుసా! వంటాయన నన్నడక్కుండా గిన్నె దించడని..." ఆమె తుడిచే గుడ్డ లాక్కుంది. "ఒక్కసారి చెప్పుంటే ఏం పోయేది?"

"ఏమని చెప్పను?" అన్నాడు. తోమిన గిన్నెలు తుడవడం మొదలుపెట్టింది. కాసేపటికి, "అయినా నా నాలుక గొప్పదే," అంది.

పెద్ద మేడమ్ రేపు మాట్లాడదామంది. మంచికో చెడ్డకో ఆమె ముఖంలో కనిపించలేదు. కొత్త మేడమ్ మాత్రం సంచి సర్దుకుంటూ వంటగది గుమ్మంలో ఆగింది.

"చిన్నప్పుడు మీకెవరైనా బలవంతంగా పెట్టారా?"

"లేదమ్మా," అన్నాడు వెంటనే.

అబద్ధం. ఆరేళ్ళప్పుడు అతను ఎముకల గూడులా ఉండేవాడు. పిల్లాడు దక్కడని చుట్టుపక్కలవాళ్ళన్నారు. ఒక మధ్యాహ్నం అమ్మ అతన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, ముక్కు మూసి, నోరు తెరవగానే ఉడికించిన గుమ్మడికాయ గుజ్జు కుక్కింది. ఊపిరాడక మింగాడు. తర్వాత అమ్మ ఒళ్ళోనే అంతా కక్కాడు. అమ్మ ఆ తడిచీరతోనే సాయంత్రం దాకా గోడకానుకుని కూర్చుంది. ఆ రోజు తర్వాత మళ్ళీ అతనికి ఏదీ తినమని చెప్పలేదు. నాన్నకి తెలియకుండా బంగాళాదుంపలు ఉడకబెట్టి పెట్టేది. "నువ్వే వాణ్ణి చెడగొట్టావు" అని నాన్న పోయేదాకా అంటూనే ఉన్నాడు. ముక్కు మూసినప్పుడు చెడిపోయాడో, దుంపలు పెట్టినప్పుడు చెడిపోయాడో అతనికి ఈనాటికీ తెలీదు. అయినా ఆ ఒక్క మధ్యాహ్నాన్ని పట్టుకుని అమ్మని ఈ అమ్మాయి పుస్తకంలోకి ఎక్కించడానికి మనసొప్పలేదు.

"అమ్మా, ఒకటడగనా? ముసలివాళ్ళకి కూడా ఇదే పద్ధతా? బతిమాలకూడదా?"

కొత్త మేడమ్ ముఖంలో తొందర తగ్గింది. "నేను పిల్లల సంగతే చదువుకున్నానండీ. పెద్దవాళ్ళు తినకపోవడానికి ఇంకేవో కారణాలుంటాయి. డాక్టర్ని అడగాలి."

"డాక్టరు పెట్టమంటున్నాడు."

"మరి..." అని ఆమె ఆగింది. "నాకు తెలీదండీ."

నిజాయితీగానే చెప్పింది. అది మరీ కష్టంగా ఉంది.

సాయంత్రం తల్లులు వస్తున్నప్పుడు బుడంకాయ వంటగదిలోకి పరిగెత్తుకొచ్చింది. వేలి కొస ఇంకా ఎర్రగానే ఉంది. దాన్ని అతని ముక్కుకి తాకించి, "రేపు మళ్ళీ ఉమ్ముదామా తాతా?" అని అడిగింది. సరేనన్నాడు. ఆ పిల్ల చేతి సంచీ ఊపుకుంటూ వెళ్ళిపోయింది. అతను దారి పొడుగునా ముక్కు తుడుచుకోలేదు.

ఇంటికొచ్చేసరికి ఐదు దాటింది. కుట్టుపనావిడ మిషన్ మీద గుడ్డ కప్పుతోంది.

"ఇవాళ బాగానే ఉంది బాబాయ్. చాలాసేపు కూర్చునుంది. పిల్లలొస్తారు, నే పోతా," అని వెళ్ళింది.

అన్నం వండి, పాలు కలిపి, మెత్తగా పిసికాడు. రోజూ ఒక గిన్నెలో అమ్మకి పెట్టి, ఆమె పడుకున్నాక వంటగట్టు దగ్గర నిలబడి తను తినేవాడు. ఇవాళ ఎందుకో రెండు పళ్ళేల్లో పెట్టి, మంచం పక్కన ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. అమ్మ పళ్ళెం ఆమె ముందు పెట్టాడు. ఏమీ అనలేదు. తన పళ్ళెంలోంచి తను తినడం మొదలుపెట్టాడు. ఒకరి ముందు కూర్చుని తినడం అలవాటు లేక మొదటి ముద్ద గొంతులో అడ్డం పడింది.

అమ్మ చాలాసేపు చూసింది. చెయ్యి చాపి, తన పళ్ళెంలోంచి కాదు, అతని పళ్ళెంలోంచి మూడువేళ్ళతో కాస్త తీసుకుని నోట్లో పెట్టుకుంది. నెల రోజులుగా ఆ చెయ్యి తనంతట తాను నోటిదాకా వెళ్ళడం అతను చూడలేదు.

"ఉప్పు లేదు," అంది.

అతనికి నవ్వొచ్చింది. లేచి ఉప్పు తెచ్చి చల్లాడు. ఆమె మళ్ళీ కాస్త తీసుకుంది. మళ్ళీ ఇంకాస్త. తర్వాత చెయ్యి దుప్పటి మీదకి జారింది.

అతని చెయ్యి అలవాటు కొద్దీ చెంచా ఎత్తింది. "ఇంకొక్క..." అనబోయాడు. మూడే అయ్యాయి. డాక్టరు గుర్తొచ్చాడు, ఆ కాగితం రుమాలూ గుర్తొచ్చింది. రెండూ కలిసి తలలో గిర్రున తిరిగాయి.

"వద్దా అమ్మా?"

"వద్దు."

"సరే," అని చెంచా దించేశాడు. ఆ మాట అంత తేలిగ్గా వచ్చినందుకు భయం వేసింది.

అమ్మ దిండుకి ఆనుకుంది. ముఖం కొంచెం విప్పారింది. "అన్నయ్యా," అంది, "మా చిన్నాడు తిన్నాడా?"

అతను పళ్ళెం కింద పెట్టాడు.

"ఏదీ తినడు వాడు. పోతాడేమోనని ముక్కు మూశాను. నువ్వు ఎవరికీ చెప్పకు." ఆమె కళ్ళు అతని ముఖం మీద తిరుగుతున్నాయి. "వాడు నన్ను చూసిన చూపు ఉంది చూడూ..."

అన్నయ్య ఏమనాలో, కొడుకు ఏమనాలో అతనికి పాలుపోలేదు. నేనే అని చెబితే బెదిరిపోతుంది. చెప్పకపోతే ఆ మాట ఇక ఎప్పటికీ చెప్పలేడేమో.

"ఇవాళ వాడు కొత్తది నోట్లో పెట్టుకున్నాడు," అన్నాడు చివరికి. "బీట్‌రూట్."

"మింగాడా?"

"లేదు. ఉమ్మేశాడు."

"ఉమ్మేశాడా," అంది అమ్మ. పెదవి చివర ఏదో కదిలింది, నవ్వేనేమో. "పోనీలే," అంది. చెయ్యి ఎత్తి, అతని గడ్డం మీద అంటుకున్న మెతుకు తీసేసింది.

అతను పళ్ళేలు తీసుకుని వంటగట్టు దగ్గరికి వెళ్ళాడు. రెండు పళ్ళేలు, ఒక చెంచా, ఒక గిన్నె. వీధిలో పిల్లలు బంతాడుకుంటున్న కేకలు వినిపిస్తున్నాయి. తుడిచి బోర్లించి, చేతులు ఆరబెట్టుకుంటూ తిరిగి వచ్చేసరికి అమ్మ తల పక్కకి వాలి ఉంది. నిద్రపోయిందనుకున్నాడు. దుప్పటి సర్దాడు. కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. వీధిలో కేకలు ఆగి, ఎవరినో లోపలికి రమ్మని ఎవరో పిలుస్తుండగా, దుప్పటి ఎంతసేపటికీ కదలడం లేదని గమనించాడు.

అతను వెళ్ళి పిలిస్తే కుట్టుపనావిడ వచ్చి నాడి చూసి, అమ్మ కళ్ళ మీద చెయ్యి ఉంచింది. అతను గోడ పక్కన నిలబడి ఉన్నాడు.

"మూడు ముద్దలే తింది," అన్నాడు. "వద్దంటే మానేశాను. ఇంకా పెట్టాల్సిందేమో."

ఆమె దుప్పటి అంచు సర్దింది.

"పొద్దున గట్టిగా పెట్టాను. అదీ చెయ్యకుండా ఉండాల్సిందేమో."

"బాబాయ్, కూర్చో."

"ఏది తప్పో చెప్పు. రెండిట్లో ఏదో ఒకటి తప్పే కదా?"

"నాకేం తెలుసు," అందావిడ. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, "మధ్యాహ్నం తనే అడిగింది," అంది. "నా భోజనంలో నారింజ పండు ఉంటే చూసి చెయ్యి చాపింది. ఒలిచిస్తానంటే ఒప్పుకోలేదు. తనే ఒలుచుకుంది. ఎంతసేపు పట్టిందనుకున్నావ్! కిటికీ వైపు తిరిగి తింది. మిగతావి తినమని నేననలేదు. ఎందుకో అనబుద్ధి కాలేదు."

డాక్టరుకి కబురు చెప్పడానికి ఆమె వెళ్ళింది. అతను కిటికీ దగ్గరికి నడిచాడు. అమ్మకి నారింజ ఇష్టమని అతనికి తెలీదు. పులుపు వాసన పడదని తనే ఏనాడూ ఇంటికి తేలేదు. ఇన్నేళ్ళూ ఆమె ఒక్కసారి అడగలేదు.

కిటికీ గట్టు మీద, సగం తొక్క చిన్న గిన్నెలా బోర్లించి ఉంది. ఎత్తి చూస్తే దాని కింద రెండు తొనలు. అన్నయ్యకి దాచిందో, చిన్నాడికి దాచిందో, లేక చాలనిపించి అక్కడ పెట్టేసిందో. తొక్కని మళ్ళీ ఎలా ఉన్నదాన్ని అలాగే కప్పబోయాడు. దాని లోపలి తెల్లటి పొర మీద, ఒలుస్తూ దిగిన అమ్మ గోటి గీతలు, కోడిపిల్ల అడుగుల్లా, చిన్నచిన్నవి, ఇంకా తడిగానే ఉన్నాయి.